కొనకుండా వదిలొచ్చిన ఎర్రకారు

మా అన్న రైల్వే క్వార్టరు ఖాళీ చేసి మా ఇంటికొచ్చిన రోజున అతని చేతిలో రెండు బట్టల సంచులు, ఒక పానాల పెట్టె ఉన్నాయి. బర్మాలో సైన్యం అధికారం పట్టుకున్న ఏడాది అది. ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో నలభై ఏళ్లు ఫిట్టరుగా చేసినవాడు, పెన్షనుకి తొమ్మిది నెలలుందనగా తోటివాళ్లతో పాటు నిరసనగా పని మానేశాడు. "అందరూ దిగిపోతే నేనొక్కణ్ణే ఎల్లి బోల్టులు బిగించాలా?" అన్నాడు. అంతకు మించి ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడలేదు. పని మానినవాళ్లని క్వార్టర్లు ఖాళీ చెయ్యమన్నారు. వదిన పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. నేనూ ఒంటరిదాన్నే. మా ఆయన పోయాక ఆయన కొట్టు నేనే నడుపుతున్నాను. కార్లకీ బస్సులకీ సీట్లు కుట్టే కొట్టు అది. యాంగోన్ నడిబొడ్డున ఒక ఇరుకు సందులో ఉంది. కింద కొట్టు, పైన ఇల్లు. మేమింకా రంగూన్ అనే అంటాం ఆ ఊరిని.

అన్న వచ్చిన మొదటి నెలల్లో ఇంట్లో మనిషి ఉన్నట్టే ఉండేది కాదు. పెట్టింది తినేవాడు, కిటికీ దగ్గర కూచునేవాడు. బయటికి వెళ్తే ఎవరు ఏం అడుగుతారోనని భయం. పని మానినవాళ్ల పేర్లు రాసుకుని తిరుగుతున్నారని చెప్పుకునేవారు. చీకటి పడగానే సైన్యం మీద కోపంతో జనం కొట్టే గిన్నెలు సందంతా మోగేవి. అన్న మాత్రం కిటికీ రెక్క మూసేసేవాడు. తర్వాత వానలు, వానల్లో కరోనా. చర్చి మూతబడి ఆదివారం ప్రార్థన కూడా ఫోనులోకే వచ్చింది. ఆ ఫోనులో కూడా లైను ఉన్న పూట ఉండేది, లేని పూట లేదు.

ఆ రోజుల్లోనే అతనికి ఫోనులో పాత బండ్ల పేజీ దొరికింది. దేశంలో ఎవరి దగ్గర ఏ పాత కారు ఉన్నా ఫొటోలు తీసి అమ్మకానికి పెట్టే చోటు అది. జీపులు, లారీలు, తుప్పు పట్టిన బస్సు డొక్కులు. బ్యాంకులో డబ్బు ఇరుక్కుపోయిందని జనం ఏదో ఒకటి కొని ఇంట్లో పెట్టుకుంటున్న కాలం, అందుకని ఆ పేజీ సంతలా ఉండేది. అన్న పొద్దున లేస్తూనే అది చూసేవాడు. నాకు ముచ్చటేసింది. కనీసం ఏదో ఒకటి చూస్తున్నాడు కదా అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం నేను మిషను మీద ఉండగా గబగబా మెట్లు దిగొచ్చాడు.

"సెల్లీ, ఇది సూడు. నాన్న బండి!"

ఎర్ర కారు. పొడుగు ముక్కు, రెండే తలుపులు, వెనక్కి వాలిన కప్పు. ఇలాంటివాటిని మజిల్ కార్లు అంటారని అన్నే చెప్పాడు. ఒకప్పుడు అమెరికాలో కుర్రకారు వేగం కోసం కొనుక్కున్న బండ్లట, ఎనిమిది సిలిండర్ల ఇంజనట. మా నాన్న వయసులో ఉన్నప్పుడు ఒక విదేశీ దౌత్యాధికారి ఇంట్లో డ్రైవరు. దేశం తలుపులన్నీ ఒక్కొక్కటిగా మూసుకుంటున్న ఆ రోజుల్లో ఆ దొర దగ్గర ఇలాంటి బండే ఉండేదట. అన్నని ఒకసారి ముందు సీట్లో కూచోబెట్టుకుని గేటు దాకా తిప్పాడట నాన్న. దొర వెళ్లిపోయాడు, బండి ఎటు పోయిందో తెలీదు. నాన్న మిగతా జన్మంతా సిటీ బస్సు నడిపాడు. నేను అప్పటికి పుట్టలేదు. మా ఇంట్లో ఆ బండి ఒక చనిపోయిన బంధువులా మాటల్లో వస్తూ పోతూ ఉండేది.

"నాన్న బండేనని ఎలా సెప్తావు?"

"అదే కాకపోతే దాని తమ్ముడు. ప్రాజెక్టు బండట. అంటే సగం బాగు చేసి వదిలేసింది, కొన్నవాడు మిగతాది సూసుకోవాలి. రేకు గట్టిగా ఉందట, ఇంజను అసలుదేనట, లోపల పని కొంచెం మిగిలిందట. అది నువ్వు కుట్టెయ్యవా?"

ఏడు నెలల తర్వాత మా అన్న నన్నొక పని అడిగాడు. కాదనబుద్ధి కాలేదు. ఫోను చేతిలోకి తీసుకున్నాను.

ఏడెనిమిది ఫొటోలున్నాయి. ఇంజను సంగతి నాకు తెలీదు కానీ సీట్ల సంగతి తెలుసు. ఒక ఫొటోలో ముందు సీట్లకి నిలువు చారల కుట్టు ఉంది. ఇంకో దాంట్లో తలుపు లోపలి అట్ట కనపడుతోంది, దాని మీద డైమండు గళ్ల కుట్టు. ఒకే బండికి కంపెనీ అలా రెండు రకాలు వెయ్యదు. పైగా సీటు అంచున తాడు కుట్టు ఒక ఫొటోలో తెలుపు, ఇంకో దాంట్లో నలుపు.

"అన్నియ్యా, ఇవి ఒక్క బండి ఫొటోలు కావు."

"ఎవరో మార్చుంటారు. పాత బండి కదా."

"ఇంజను ఫొటో సూడు. కింద తెల్లటి పలకల నేల. బండి నిలబడ్డది మట్టిలో."

"షెడ్డులో తీసుంటారే! నీకన్నీ అనుమానాలే."

బండి వద్దనిపించేది ఏదీ అతను చూడదలచుకోలేదు, అంతే. అమ్మేవాడితో మాట్లాడమన్నాను. మాట్లాడాడు. వీడియో పంపమంటే లైను బాగోలేదన్నాడాయన. ఆ రోజుల్లో ఎవరన్నా నమ్మాల్సిన మాట అది. చాసిస్ మీద కొట్టి ఉండే నంబరు ఫొటో తీసి పెట్టమంటే పెట్టాడు గానీ, మంచులో తీసినట్టు మసకగా ఉంది. పేజీలో బండి మింగళాడోన్‌లో గ్యారేజీలో ఉందని రాశాడు. ఇప్పుడేమో పరిస్థితులు బాగోలేక నది అవతల దలాలో బావమరిది పెరట్లో పెట్టానంటున్నాడు. మాండలే నుంచి ఇంకో పార్టీ అడుగుతోందట, రెండు రోజుల్లో అడ్వాన్సు పంపితే మనకే ఖాయం చేస్తాడట.

అన్న పంపుతానన్నాడు. నేను వద్దన్నాను. ఆ రాత్రి అన్నం దగ్గర మాటా మాటా పెరిగింది.

"నీ ఇంట్లో తింటున్నాననే కదా ఇన్ని అడుగుతున్నావు," అన్నాడు.

అన్నం కంచంలోనే వదిలేసి లేచిపోయాను. చాలాసేపు ఏడ్చాక నాకు తోచింది, వద్దంటే ఇతను పంపేస్తాడు. పొద్దున్నే టీ ఇస్తూ వేరేలా అన్నాను.

"అడ్వాన్సు నువ్వే పంపు, నీ ఇష్టం. కానీ సీట్లు కుట్టాలంటే నాకు కొలతలు కావాలి. బట్ట ఇప్పుడే కొనుక్కోకపోతే రేపు దొరకదు. ఒక్కసారి ఎల్లి కొలిచేసి వద్దాం. అక్కడే సేతికిచ్చేద్దువు గాని."

అతను కాసేపు నా మొహంలోకి చూశాడు. "నువ్వూ వస్తావా?" అన్నాడు.

"కొలతలు నువ్వు తీస్తావేటి?"

నవ్వాడు. ఆ నవ్వు చూసి ఒప్పుకున్నాడని తెలిసింది, నాకేమో భయం పట్టుకుంది. ఏడు నెలలుగా సందు దాటని మనిషిని నేనే బయటికి లాగుతున్నాను. పడవ రేవు దగ్గర సోదా ఉంటుందని అందరికీ తెలుసు. ఫోన్లు చూస్తారు. ముందు రోజే అతని ఫోనులోంచి ఆ పేజీ, నిషేధం ఉన్నా దాన్ని తెరిచే దొంగదారి యాప్, స్నేహితుల సందేశాలు అన్నీ తీసేశాను. ఫొటోలు మాత్రం మిగిలాయి. వర్క్‌షాపు గుర్తింపు కార్డు బియ్యం డబ్బాలో దాచాను.

రేవులో మా ముందు ఇరవై మంది ఉన్నారు. మా వంతు వచ్చింది. సిపాయికి ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. నా సంచి తెరిచాడు. కత్తెర, టేపు, కుట్లు విప్పే చిన్న కత్తి, గుండుసూదులు ఏరే అయస్కాంతం.

"ఇవెందుకు?" అని బర్మాలో అడిగాడు.

"కారు సీట్లు కుడతాను బాబూ. అవతల ఒక బండి చూడ్డానికి వెళ్తున్నాం."

అన్న ఫోను అడిగాడు. అన్న ఇచ్చాడు. సిపాయి వేలితో జరుపుతూ పోయాడు. కారు. కారు. జీపు. లారీ. కారు. ఎంత జరిపినా బండ్లే. ఏడు నెలల మా అన్న జీవితం అంతా అందులో ఉంది, అందులో ఒక్క మనిషి మొహం లేదు. చివరికి ఎర్ర కారు దగ్గర ఆగాడు.

"ఇదా కొంటున్నది?"

"ఇదే," అన్నాడు అన్న.

"పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది దీనికి?" అని ఫోను తిరిగిచ్చేసి, వెళ్లండి అన్నట్టు చెయ్యి ఊపాడు.

పడవ బల్ల మీద కూచున్నాక గానీ నేను ఊపిరి పీల్చుకోలేదు. అన్న చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని నీళ్లలోకి చూస్తున్నాడు. అవతలి ఒడ్డున సైకా ఎక్కాం. సైకిలుకి పక్కన బండి కట్టిన రిక్షా అది, వీపులు ఆనించుకుని చెరోవైపు చూస్తూ కూచోవాలి. నాకేమో పొలాలు కనిపించాయి, అతనికి వెనక వదిలేసిన దారి.

అమ్మే ఆయనకి అరవై దాటుంటాయి. లుంగీ, బనీను, నోట్లో కిళ్లీ. మర్యాదస్తుడు. అన్నని "అన్నగారూ" అనీ, నన్ను "అమా" అనీ పిలిచాడు. బర్మాలో అమా అంటే అక్క. మేం ఆయన్ని ఊలే అన్నాం, అంటే బాబాయి. పెరట్లో తాటాకు పాక కింద పట్టా కప్పి ఉంది బండి. ఆయన పట్టా లాగాడు.

ఎర్రగా, నిగనిగలాడుతూ, కొత్త పెళ్లికూతురిలా ఉంది. అన్న దాని చుట్టూ మెల్లిగా తిరిగి, తలుపు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. నేను అనుమానించినందుకు సిగ్గుపడ్డాను.

తలుపు తీసి లోపల కూచున్నాను. కొత్త రెక్సిన్ వాసన వచ్చింది. దాని కింద ఇంకో వాసన ఉంది. వరద తీసిన తర్వాత ఇంట్లో వస్తుందే, గోడల్లోంచి, అది. సరేలే అనుకుని కొలతలు మొదలుపెట్టాను. తలుపు అట్ట కొలవడానికి కాగితం ఒకటి అడ్డం పెట్టి, గాలికి ఎగరకుండా నా అయస్కాంతం తలుపు అంచుకి ఆనించాను. జారి కింద పడింది. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ పడింది.

"అన్నియ్యా, ఇది అంటుకోటం నేదు."

అన్న వంగి దాన్ని తీసుకున్నాడు. తలుపు మీద పెట్టాడు, పడింది. ఇంకొంచెం కింద పెట్టాడు, పడింది. కప్పు మీద పెడితే టక్కున పట్టుకుంది. ముందు మూత మీదా పట్టుకుంది. చక్రాల చుట్టూ, గుమ్మాల మీద ఎక్కడ పెట్టినా జారిపోయింది. వేలి కణుపుతో కొట్టుకుంటూ వెళ్లాడు. కప్పు మీద ఖంగుమంది. తలుపు మీద గోడని కొట్టినట్టు చప్పుడు లేదు.

"లప్పం," అన్నాడు. "వేలు మందం లప్పం పెట్టి రంగేశారు. కింద రేకే నేదు."

ఆ తర్వాత అతను నేనెరిగిన మా అన్న అయిపోయాడు. చొక్కా విప్పి కొయ్యకి తగిలించాడు. ఊలేని అడిగి ముందు మూత ఎత్తించాడు. లోపల ఉన్నది నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజను, చిన్న సామాన్ల లారీకి ఉండేది. నేల మీద చాప పరిచి బండి కిందికి దూరాడు. నేను ఈలోగా సీటు కింద ఒక కుట్టు విప్పాను. కొబ్బరి పీచులో ఎండిన ఒండ్రు మట్టి, పిడికెడు, నా ఒళ్లో రాలింది. కాళ్ల కింద పట్టా ఎత్తితే చెక్క పలక. ఆ పలక ఎత్తితే మా అన్న పొట్ట కనపడింది.

"సెల్లీ, నన్ను సూస్తున్నావా?"

"సూస్తున్నాను."

"నేనూ నిన్ను సూస్తున్నాను. ఇదే బండి నేల."

బయటికొచ్చాక లేవకుండా చాప మీదే కూచున్నాడు. "రెండు బండ్లు," అన్నాడు ఊలేతో బర్మాలో. "ముందు సగం ఒకటి, వెనక సగం ఒకటి. మధ్యలో అతికించారు. నేను నలభై ఏళ్లు అతుకులు చూశాను. ఇది అతుకు కాదు, నమిలిన బంక. మూడో గేరులో విరుగుతుంది. ఓనర్ బుక్కు చూపిస్తావా?"

ఆయన ఇంట్లోకి వెళ్లి బుక్కు తెచ్చాడు. అందులో నంబరు వేరు. చాసిస్ మీద నంబరు పలక చుట్టూ రివెట్లు కొత్తవి, మెరుస్తున్నాయి. పుస్తకంలో పేరున్న ఆసామి పోయి పదేళ్లయిందని ఊలే ఒప్పుకున్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. "ఇంజను అసలుదని రాశావు. ఆ ఫొటోలెక్కడివి? ముసలాణ్ణి చూసి మోసం చేద్దామనుకున్నావా?" అని అరిచేశాను. ఆయన కిళ్లీ ఉమ్మేసి పాక స్తంభానికి ఆనుకుని కూచున్నాడు. అప్పుడు చెప్పాడు. తనూ ఫొటోలు చూసే కొన్నాడట, రెండేళ్ల కింద, పై ఊళ్ల నుంచి. కూడబెట్టిన నాలుగు రాళ్లూ ఇందులో పెట్టాడట. లారీ మీద వచ్చిన బండిని చూసి వారం రోజులు అన్నం తినలేదట. అప్పుడొచ్చిన ఫొటోలే తన ఫొటోలతో కలిపి పెట్టాడు. "నాకు అప్పుడు తోడొచ్చి చూసేవాడు లేడు," అన్నాడు.

నాకు జాలి అంత తొందరగా రాలేదు. మా అన్నకి వచ్చింది. లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఊలే, దీన్ని బండి అని అమ్మకు. రోడ్డెక్కితే మనిషి పోతాడు. విప్పేసి సామానుగా అమ్ము. కప్పు మంచిది, ముందు మూత మంచిది, అద్దాలు మూడు అసలువే. ఇవి దొరక్క ఏడుస్తున్నవాళ్లు ఆ పేజీలోనే ఉన్నారు, నాకు తెలుసు."

ఆయన నమ్మనట్టు చూశాడు. తర్వాత కాగితం, పెన్సిలు తెచ్చాడు. వాళ్లిద్దరూ బండి చుట్టూ తిరుగుతూ ఏది మంచిది, ఏది చెత్త అని రాసుకున్నారు. ఊలే భార్య ఊరబెట్టిన తేయాకు, వేయించిన పప్పులు పళ్లెంలో పెట్టి తెచ్చి నా పక్కన కూచుంది. "రంగు వెయ్యొద్దని నేను చెప్పానమ్మా," అని మెల్లగా అంది. ఆ మాటతో నా కోపం సగం దిగింది. మిగతా సగం తేయాకుతో దిగింది.

సాయంత్రం పడవకి తిరిగొచ్చాం. దలా రేవులో ఎవరూ ఆపలేదు. పడవ నది మధ్యకి వచ్చేసరికి అన్న భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని భయపడి చూశాను.

"డీజిలు, సెల్లీ!" అన్నాడు. "పెట్రోలు ఎక్కడ దొరుకుతుందని ఆ సిపాయి ఎంత ఆలోచించాడు! లోపల ఉన్నది డీజిలు!"

నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. పక్కవాళ్లు చూస్తున్నారు. నాకూ నవ్వాగలేదు. ఆ నవ్వులోనే నాకు ఒక్కసారి చలి పుట్టింది. అడ్వాన్సు పోతే పోయేది. ఆ బండి ఎలాగో ఇంటికి వచ్చి, నంబరు కలవని బుక్కుతో, పని మానేసిన మా అన్న స్టీరింగు పట్టుకుని ఏ మలుపులోనో సోదాకి దొరికి ఉంటే? ఆ మాట పైకి అనలేదు. అతనే నా వైపు తిరిగాడు.

"మంచిపని చేశావు, కొలతలని సెప్పి తీసుకొచ్చి."

"నీకు తెలుసా?"

"టీ ఇచ్చినప్పుడే తెలుసు. నీకు అబద్ధం సెప్పడం ఎప్పుడొచ్చింది గనక."

ఆ తర్వాత ఎవరో ఒకరు కొట్టుకి వచ్చి, "మీ అన్నగారికి ఈ ఫొటో చూపించండి" అని అడగడం మొదలైంది. ముందు చర్చిలో తెలిసినవాళ్లు, తర్వాత వాళ్లకి తెలిసినవాళ్లు. అన్న ఇంజను చూసేవాడు, నేను లోపలి కుట్లు చూసేదాన్ని. అతను అందరికీ ఒకటే చెప్పేవాడు. పగటి వెలుగులో కింద నుంచి ఫొటో తీయించు, నంబరు తీయించు, బుక్కు తీయించు. లైను లేదంటే లైను వచ్చేదాకా ఆగు. తొందరపెడితే వదిలెయ్. ఎలాగైనా నువ్వే వెళ్లి చూడు, నీకంటే ఆ బండి మీద మోజు తక్కువున్న మనిషిని తోడు తీసుకెళ్లు.

కానీ నాకు బాగా గుర్తున్నది ఆ మర్నాడు. పొద్దున్నే కొట్టు తెరిచి, ఒక బస్సు సీటు చట్రం ముందేసుకుని వంగిన స్ప్రింగులతో కుస్తీ పడుతున్నాను. పై నుంచి పానాల పెట్టె దిగుతున్న చప్పుడు వినిపించింది.

"అలా కాదే, విరగ్గొడతావు. ఇలా తే."

ఆ రోజంతా నాతో గొడవపడ్డాడు. స్ప్రింగు తిప్పడం రాదన్నాడు, చట్రానికి మేకులెవరు కొడతారన్నాడు, మా ఆయన పనితనాన్ని కూడా వదల్లేదు. మధ్యాహ్నం సందులోకి వెళ్లి తనే వెల్డింగు కడ్డీలు కొనుక్కొచ్చాడు, ఒక్కడే. నేను అన్నిటికీ ఎదురు చెప్పాను, మిషను చప్పుడుకి వినపడకపోతే ఆపి మరీ చెప్పాను.